చిన్నపిల్లల నవ్వుల బొమ్మల పుస్తకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో బొమ్మల పుస్తకం వేద్దామని పూనుకున్న రచయితలు, టీచర్లు, చిత్రకారులు, తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న సందేహాలివి. మూడు నుంచి ఏడేళ్ళ పిల్లల కోసం, నవ్వించడానికే వేసే పుస్తకాల గురించి మాత్రమే ఇక్కడ మాట్లాడుకుందాం. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

## కథ అనుకునేటప్పుడు

నా కథ చదివి పెద్దవాళ్ళు నవ్వుతున్నారు, పిల్లలు నవ్వట్లేదు. తేడా ఎక్కడ కొడుతోంది?

హాస్యం మాటల విరుపులోనో, వ్యంగ్యంలోనో, సినిమా డైలాగులోనో ఉండి ఉంటుంది. దానికి ముందూవెనకా తెలియాలి, నాలుగేళ్ళ పిల్లకి తెలియదు. ఆ వయసులో నవ్వు రెండు చోట్ల పుడుతుంది. ఒకటి, తనకి బాగా తెలిసిన సంగతి తలకిందులైనప్పుడు: చెప్పులు కాళ్ళకి వేసుకుంటారని తెలిసిన పిల్ల, చేతులకి చెప్పులు తొడుక్కున్న మామయ్యని చూసి నవ్వుతుంది. రెండోది ఇంకా బలమైనది: పాత్రకి తెలియనిది తనకి తెలిసినప్పుడు. దొంగపిల్లి గుమ్మం వెనకే ఉందని పిల్లలకి కనిపిస్తూ, వంటింట్లో అత్తకి మాత్రం కనిపించకపోతే, "అదిగో, అక్కడ!" అని అరుస్తారు. కథ రాసి చూసుకుని ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో పాత్ర కంటే ముందే పిల్లలు కనిపెట్టేది ఏముంది? జవాబు రాకపోతే కథ ఇంకా తయారుకానట్టే.

ఏ వయసుకి ఏ రకం హాస్యం పనిచేస్తుంది?

పిల్లల హాస్యం మీద పనిచేసిన మనస్తత్వవేత్త పాల్ మెక్‌గీ 1979లో దీన్ని మెట్లుగా వివరించాడు. ఏడాది నిండిన పిల్లలకి వస్తువుని తప్పుగా వాడితే నవ్వొస్తుంది, దువ్వెనని ఫోనులా చెవి దగ్గర పెట్టుకున్నట్టు. రెండు, మూడేళ్ళకి పేరు తప్పు చెబితే నవ్వొస్తుంది: పిల్లిని చూపించి "ఇది మేక" అంటే చాలు. మూడు నుంచి ఆరేళ్ళ మధ్య రూపం, స్వభావం తారుమారైతే, అంటే గేదె చెట్టెక్కితే, కోడి మొరిగితే పకపకా నవ్వుతారు. రెండర్థాల మాటలు, పొడుపుకథలు ఏడేళ్ళ దగ్గరపడ్డాకే అందుతాయి. ఈ గీతలు పిల్లని బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. కానీ నాలుగేళ్ళ పిల్లల పుస్తకాన్ని శ్లేష మీద నిలబెడితే అది పడిపోతుంది, ఎంత మంచి బొమ్మలు వేసినా.

చివర్లో నీతి ఉండాలా?

అక్కర్లేదు. నవ్వుల పుస్తకానికి నీతి అతికిస్తే, అంతదాకా నవ్విన పిల్లకి ఆఖరి పేజీలో పాఠం చెప్పినట్టవుతుంది. ఆఖరి పేజీ అతి విలువైన చోటు. అక్కడ ఇంకో నవ్వు పెట్టండి.

మా అవ్వ చెప్పిన కథని పుస్తకంగా వేసుకోవచ్చా?

నోటి మీదుగా వచ్చిన జానపద కథ అందరిదీ. అయితే ఎవరైనా దాన్ని తమ మాటల్లో తిరగరాసి అచ్చు వేసుంటే, ఆ మాటలకీ బొమ్మలకీ హక్కులుంటాయి. మన చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. కాబట్టి పుస్తకంలోంచి ఎత్తిరాయకుండా, విన్నట్టుగా మీ మాటల్లో చెప్పండి.

ఏడు చేపల కథ లాంటి గొలుసు కథలు బొమ్మల పుస్తకానికి చక్కగా సరిపోతాయి. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు, మోపుకి ఆవు, ఆవుకి పాలేరు, ఇలా నింద ఒకరి మీంచి ఒకరికి జారుతూ పోయి, చివరికి చీమ "నా పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుంది. ప్రతి పేజీలోనూ ఒకే ప్రశ్న, కొత్త ముఖం. రెండు పేజీలయ్యేసరికి పిల్లలే ప్రశ్న అందుకుంటారు. ఇంతమందిని అడుగుతూ వచ్చాక దొరికేది చీమ కావడంలోనే ఉంది నవ్వంతా, కనుక ఆ పేజీ దాకా చీమని ఏ బొమ్మలోనూ పెద్దగా చూపించొద్దు.

పిత్తు, చీమిడి అంటే పిల్లలు పడీపడీ నవ్వుతారు. పుస్తకంలో పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కానీ ఆ మాట పలకడమే హాస్యం కాకూడదు, దానివల్ల ఏదో ఒకటి జరగాలి. ఏనుగు "పుర్ర్"మంటే వెనక వరసలో ఆరేసిన బట్టలన్నీ ఎగిరిపోయాయనుకోండి, అప్పుడది కథ. పుస్తకంలో ఒక్కసారే వాడండి. బడులకి అమ్ముదామనుకుంటే మాత్రం కొన్ని యాజమాన్యాలు ఈ కారణంతోనే వద్దంటాయి, ముందే తెలుసుకుని దిగండి.

లావుగా ఉన్నవాళ్ళ మీద, నత్తి మీద, నలుపు మీద జోకులు మన ఊళ్ళో మామూలే కదా?

మామూలే, అందుకే వద్దు. అదే ఒళ్ళు, అదే రంగు, అదే నత్తి ఉన్న పిల్ల వినేవాళ్ళలో తప్పకుండా ఉంటుంది. పుస్తకం మూశాక మిగతా పిల్లలు ఆమెని ఆ పాత్ర పేరుతో పిలుస్తారు. మనిషి ఎలా ఉన్నాడన్నది కాక, ఏం చేశాడన్నది నవ్వించాలి. గొప్పలు పోయేవాడు, మొండివాడు, మతిమరుపు తాత, ఆత్రగాడు: పనుల్లోంచి వచ్చే హాస్యానికి కొరతేమీ లేదు.

## రాసేటప్పుడు

ఎన్ని పేజీలు, ఎన్ని మాటలు?

ఇక్కడి ప్రెస్సుల్లో 16 పేజీలు సులువైన లెక్క. 20×30 అంగుళాల షీటు ఒక్కటి రెండు వైపులా అచ్చై మడత పడితే సరిగ్గా 16 పేజీలొస్తాయి, కత్తిరించాక పేజీ సుమారు 7.25×9.5 అంగుళాలు. అట్ట వేరు. లోపల 1వ పేజీ పేరుకి, 2వ పేజీ వివరాలకి పోతే కథకి మిగిలేది 3వ పేజీ, ఆ తర్వాత ఆరు జంట పేజీలు (పుస్తకం తెరిస్తే పక్కపక్కన కనిపించే రెండేసి పేజీలు), చివర్లో 16వ పేజీ. అంటే కథలో ఎనిమిది మజిలీలు. మాటలు మొత్తం 150 నుంచి 250 దాకా ఉంటే సరిపోతుంది. జంట పేజీకి 30 మాటలు దాటితే, పెద్దవాళ్ళు చదివేలోపే పిల్ల బొమ్మ చూడ్డం అయిపోయి పేజీ తిప్పేస్తుంది. 24, 32 పేజీల పుస్తకాలూ వేస్తారు. ఎన్నైనా నాలుగుతో భాగించబడాలి.

పేజీ తిప్పడానికీ నవ్వుకీ సంబంధం ఏంటి?

పేజీ తిప్పే ఆ క్షణమే ఊపిరి బిగబట్టే చోటు. ప్రశ్న కుడి పేజీ చివర రావాలి, జవాబు పేజీ తిప్పాక ఎడమ పక్క కనపడాలి. "తలుపు తీశాడు. లోపల..." అని కుడి పేజీలో ఆగితే, తిప్పేలోపు పిల్లలు తలో ఊహ చెబుతారు. ప్రశ్నా జవాబూ ఎదురెదురు పేజీల్లో పడితే, మాట వినకముందే కళ్ళు జవాబు మీదికి పోతాయి, నవ్వు చచ్చిపోతుంది. చేతిరాతలో బాగా నవ్వించిన కథ పుస్తకమయ్యాక చప్పబడితే ముందు చూడాల్సింది దీన్నే. మధ్యలో ఒక పేజీ చేర్చినా తీసేసినా జవాబులన్నీ తప్పు పక్కకి జరుగుతాయి, అందుకని ఏ మార్పైనా జంటగానే చేయండి.

ఒక కథని పేజీల్లోకి ఎలా విడగొట్టాలో ఉదాహరణతో చూపిస్తారా?

తాత కండువా వెతుక్కుంటున్నాడు, మేక దాన్ని తినేస్తోంది. ఇంతే కథ. షరతు ఒక్కటే: మాటల్లో "మేక" అన్న పదం ఎక్కడా రాకూడదు.

3వ పేజీ: "తాతకి సంతకెళ్ళాలి. కండువా ఏదీ?" దండెం మీద కండువా, కింద గడ్డి నములుతున్న మేక. తాత చూపు మాత్రం ఇంకో పక్క.
4-5: "మంచం మీద లేదు." తాత దుప్పటి దులుపుతున్నాడు, దండెం ఖాళీ. మంచం కింద రెండు కొమ్ములు.
6-7: "గాదె వెనక లేదు." గాదె ఇవతల మేక నోట్లోంచి మూరెడు కండువా వేలాడుతోంది.
8-9: "బావి దగ్గర లేదు." తాత బావిలోకి తొంగి చూస్తున్నాడు. నీళ్ళలో తాత ముఖం, పక్కనే మేక ముఖం. కండువా జానెడయింది.
10-11: "'ఏమే, చూశావా?' 'నేను చూళ్ళేదు.'" తాతా అవ్వా ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఇద్దరి మధ్యలోంచి మేక దర్జాగా నడిచిపోతోంది, పెదవుల మీద ఎర్ర అంచు.
12-13: మాటల్లేవు. "బ్రేవ్!" అన్న ఒక్క శబ్దం జంట పేజీ నిండా. తాతా అవ్వా ఉలిక్కిపడ్డారు.
14-15: "ఓహో!" తాత చేతిలో వేలెడు ఎర్ర అంచు. మేక ఆకాశం వైపు చూస్తోంది.
16: "తాత సంతకెళ్ళాడు, దుప్పటి కప్పుకుని." వెనక మేక, దాని నోట్లో దుప్పటి కొస.

మాటలు పాతిక లోపే ఉన్నాయి. కండువా కనిపించే చోట ఎంత మిగిలిందో చిత్రకారుడికి రాసిచ్చాం. అది పేజీ పేజీకీ తగ్గకపోతే పిల్లలు వెంటనే పట్టేస్తారు.

శబ్దాల మాటలు ఎంతవరకు వాడొచ్చు?

తెలుగుకి ఇది పెద్ద ఆస్తి, ధైర్యంగా వాడండి. చటుక్కున, లటుక్కున, గుటుక్కున, పుటుక్కున: నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టున్నా నాలుగు వేరు పనులు. కప్ప బుడుంగుమంటుంది, కుండ దభీమని పడుతుంది, పాము జరజరా పాకుతుంది. ఈ మాట ఉంటే "వేగంగా", "అకస్మాత్తుగా" లాంటివి అక్కర్లేదు, తీసేయండి. జంట పేజీకి ఒక్క శబ్దం చాలు, రెండుంటే ఒకదాన్నొకటి మింగేస్తాయి. దాన్ని బొమ్మలో భాగంగా చేత్తో రాయిస్తే ఇంకా బాగుంటుంది.

ప్రాస తప్పనిసరా?

కాదు. ప్రాస కోసం కథ వంకర తిరుగుతుంటే వచనంలోనే రాయండి. లయ మాత్రం కావాలి. గట్టిగా చదువుతూ చప్పట్లు కొట్టి చూడండి, చప్పట్లు తడబడిన చోట మాట మార్చాలి. ఒకే పల్లవి వాక్యాన్ని మూడు నాలుగు సార్లు తిప్పి, చివరిసారి ఒక్క మాట మారిస్తే, ప్రాస చేసే పని అదే చేసేస్తుంది.

మా యాసలో రాయొచ్చా, పుస్తక భాషలోనే రాయాలా?

గట్టిగా చదివితే నాలుక తిరిగే భాషలో రాయండి. "అతడు పరుగెత్తుకొని వెళ్ళెను" అంటే ఏ ఇంట్లోనూ నవ్వు రాదు. తెలంగాణ యాసైనా, రాయలసీమదైనా, ఉత్తరాంధ్రదైనా సరే, పాత్రల మాటల్లో నిండుగా వాడి, కథ చెప్పే వాక్యాలు కొంచెం తేలిగ్గా ఉంచితే ఏ ప్రాంతం వాళ్ళైనా చదివి వినిపించగలరు. ఒకే పాత్ర ఒక పేజీలో "ఏం చేస్తున్నవ్" అని, ఇంకో పేజీలో "ఏం చేస్తున్నావు" అనకుండా చూసుకోండి. చుట్టరికాలూ అంతే, అవ్వ అని మొదలుపెడితే చివరిదాకా అవ్వే.

## బొమ్మలు వేయించేటప్పుడు

చిత్రకారుడికి ఏం రాసివ్వాలి?

ప్రతి జంట పేజీకి మూడు ముక్కలు: పేజీలో అచ్చయ్యే మాటలు, మాటల్లో లేకుండా బొమ్మలోనే కనిపించాల్సిన సంగతి, పాత్ర మనసులో ఉన్న భావం. రంగులు, కోణాలు మీరు చెప్పొద్దు, అవి వాళ్ళ పని. మాటల్లో ఉన్నదే బొమ్మలో వేయమని అడగడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. "రాము గోడ దూకాడు" అని రాసి రాము గోడ దూకే బొమ్మే వేస్తే కొత్తగా తెలిసేదేముంది? "రాముకి భయమే లేదు" అని రాసి, గోడ మీద కళ్ళు మూసుకుని కొమ్మని కావలించుకున్న రాముని వేస్తే, మాటకీ బొమ్మకీ మధ్య పిల్లకి నవ్వు దొరుకుతుంది.

పాత్ర ముఖం పేజీకో రకంగా ఉంటోంది. ఎలా సరిచేయాలి?

బొమ్మలు మొదలుపెట్టకముందే ఒక్కో పాత్రకి ఒక నమూనా కాగితం తయారుచేయించండి: ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి నిలబడిన రూపం, ఐదారు ముఖకవళికలు, పక్క పాత్రతో పోలిస్తే ఎత్తు. బట్టలు, జడ, గాజులు ఏ చేతికున్నాయో కూడా రాసిపెట్టుకోవాలి. ఏఐతో చేయించిన బొమ్మల్లో ఈ తేడా మరీ ఎక్కువగా వస్తుంది, పైగా పంచెకట్టు, చీరకట్టు, బడి బోర్డు మీది తెలుగు అక్షరాలు తరచుగా తప్పుగా పడతాయి.

బొమ్మ బాగానే ఉంది కానీ నవ్వు రావట్లేదు. ఎందుకు?

పేజీ కిక్కిరిసి ఉందేమో చూడండి. వెనక చెట్లూ కొండలూ మేఘాలూ ఉంటే నవ్వించే ఆ ఒక్క చూపు కనపడదు. నవ్వు పేలే పేజీలో వెనకంతా ఖాళీ వదిలేయమనండి. రెండో కారణం క్షణం తప్పడం: అరటితొక్క మీద జారి పడిపోయిన మనిషి కంటే, కాలు తొక్క మీద ఆని ఇంకా పడని మనిషి ఎక్కువ నవ్విస్తాడు. మూడోది కళ్ళు. పాత్ర ఎటు చూస్తోందో నల్లగుడ్డు స్పష్టంగా చెప్పాలి. కనుబొమ్మలు రవ్వంత జరిపితేనే భావం మొత్తం మారిపోతుంది.

చిత్రకారుడితో కాగితం రాసుకోవాలా, మాట చాలా?

కాగితం రాసుకోండి, స్నేహితులైనా సరే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కులు రాసిచ్చిన పత్రంలో గడువు చెప్పకపోతే ఐదేళ్ళనే లెక్క, ఏ ప్రాంతానికో చెప్పకపోతే భారతదేశానికే పరిమితం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగు పిల్లలకి అమ్మాలంటే ఆ మాట పత్రంలో ఉండాలి. డబ్బు ఒకేసారా, అమ్మిన కాపీలకి రాయల్టీనా, బొమ్మలు టీ షర్టుల మీద వేస్తే ఎవరికెంత, మూలచిత్రాలు ఎవరి దగ్గరుంటాయి అన్నవి రాయండి. అట్ట మీద చిత్రకారుడి పేరు రచయిత పేరంత పెద్దగా ఉండాలని మా గట్టి అభిప్రాయం. ఈ పుస్తకంలో సగం కథ వాళ్ళే చెబుతున్నారు.

## అక్షరాలు, పేజీ కూర్పు

ఏ ఫాంటు, ఎంత సైజు?

పిల్లలు చూస్తూ వినే పుస్తకానికి 22 నుంచి 26 పాయింట్లు. వరసల మధ్య ఖాళీ అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఇవ్వండి. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి, ఇంగ్లీషు పుస్తకానికిచ్చిన ఖాళీ ఇస్తే పై వరస ఒత్తు కింది వరస తలకట్టుని తగులుతుంది. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన ఫాంట్లలో మండలి అన్నది కథకి, రామభద్ర అన్నది పేర్లకి బాగుంటాయి, రెండూ ఉచితం. నోటో సాన్స్ తెలుగు కూడా వాడుకోవచ్చు. అలంకారపు ఫాంట్లలో థ, ధ, ద తేడా కనపడదు, కొత్తగా చదవడం నేర్చుకునేవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

డీటీపీ (కంప్యూటర్లో పేజీ కూర్పు) చేయించాక ఒత్తులు విడిపోయాయి. ఏం చేయాలి?

యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే అక్షరాల పద్ధతిలో) టైపు చేసింది పేజ్‌మేకర్ అనే పాత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లోకి పోతే ఇలాగే అవుతుంది, అక్కడ అను ఫాంట్ల లాంటి పాత పద్ధతివే నడుస్తాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులు కుదురుకుంటాయి. యూనికోడ్ నుంచి అనుకి మార్చి పని నడిపిస్తే, క్ష, జ్ఞ, ర వత్తు, అరసున్నా, కొమ్ముల చోట్ల అక్షరం అక్షరం దిద్దుకోవాలి. ఆఖరి ప్రూఫు పీడీఎఫ్ నుంచి తీసిన కాగితం మీదే చూడండి, స్క్రీను మీద కాదు.

## అచ్చు వేయించేటప్పుడు

ప్రెస్సుకి ఫైలు ఎలా ఇవ్వాలి?

బొమ్మలు అచ్చయ్యే సైజులోనే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయేలా బొమ్మని అంచు దాటి పొడిగించిన భాగం) వదలండి, లేకపోతే కటింగులో అంచున తెల్లగీత పడుతుంది. అక్షరాలు, ముఖాలు అంచుకి కనీసం 10 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. మధ్య మడతలోకి ముఖం రానివ్వొద్దు. స్క్రీను మీద మెరిసిన ఆకుపచ్చ, నారింజ, నీలం కాగితం మీద మసకబారేది ఆర్జీబీ (స్క్రీను రంగుల) ఫైలు ఇచ్చినప్పుడు, ముందే సీఎంవైకేకి (అచ్చు సిరాల రంగులకి) మార్చి రంగులు సరిచూసుకోండి. కథ అక్షరాలు ఒక్క నల్లరంగులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ పడుతుంది.

ఏ కాగితం, ఏ బైండింగు?

లోపల 130 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాట్ ఆర్ట్ పేపరు, అట్టకి 250 నుంచి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, పైన లామినేషను. మెరిసే కాగితం ట్యూబులైటు కింద తళతళలాడి బొమ్మ కనపడనివ్వదు, అందుకే మ్యాట్. 16, 24, 32 పేజీలకి సెంటర్ పిన్నే (నడి మడతలో వేసే పిన్నులే) మంచిది, పుస్తకం పూర్తిగా పరుచుకుంటుంది. అట్టకి మడత దగ్గర క్రీజింగు (ముందే నొక్కి గాడి పెట్టడం) చేయమని చెప్పండి, లేకపోతే లామినేషను పగులుతుంది. మూడేళ్ళ లోపు పిల్లలకైతే పిన్నులు వద్దు. మందపాటి అట్ట పేజీలు, గుండ్రటి మూలలు ఉండాలి.

ఎన్ని కాపీలు వేయించాలి?

రెండు మూడు వందల లోపైతే డిజిటల్, వెయ్యి దాటితే ఆఫ్‌సెట్. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది, కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని మీద తగ్గుతుంది. ముందు పది డిజిటల్ కాపీలు తీయించి పిల్లల చేతుల్లో పెట్టి, ఆ తర్వాతే ఆఫ్‌సెట్‌కి వెళ్ళండి.

ఐఎస్‌బీఎన్, పన్ను, ఇతర నియమాలు?

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఉచితం, రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. పిల్లల బొమ్మల పుస్తకాలకి జీఎస్టీ లేదు. 1954 చట్టం ప్రకారం, పుస్తకం వెలువడిన 30 రోజుల్లో ఒక కాపీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, ఒక్కో కాపీ ముంబై, చెన్నై, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకీ ప్రచురణకర్త పంపాలి.

డబ్బు పెట్టకుండా తెలుగులో పుస్తకం తేవడం కుదురుతుందా?

కుదురుతుంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో చాలా కథలు సీసీ బై 4.0 లైసెన్సుతో (పేర్లు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతితో) ఉన్నాయి. వాటిని తెలుగులోకి తేవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రచయిత, చిత్రకారుడు, ప్రచురణకర్త పేర్లూ లైసెన్సూ తప్పకుండా వేయాలి, మీరు మార్పులు చేస్తే ఆ సంగతీ రాయాలి. అనువాదంలో ఇంగ్లీషు జోకుని మాటకి మాట తేకండి. బొమ్మ చూసి, అదే నవ్వు తెలుగులో ఏ మాటతో వస్తుందో ఆ మాట పెట్టండి.

## చదివి వినిపించేటప్పుడు

మా పాప తెలుగు నేలకి బయట పెరుగుతోంది, సగం మాటలు అర్థం కావు. నవ్వుతుందా?

నవ్వుతుంది, బొమ్మలోనే నవ్వున్న పుస్తకం ఎంచుకుంటే. మధ్యలో ఆపి ఇంగ్లీషులో అర్థం చెప్పొద్దు, వేలితో బొమ్మని చూపించండి. పల్లవి వాక్యం ఉన్న పుస్తకమైతే, ఆ వాక్యం పాపకే వదిలేయండి. అర్థం పూర్తిగా తెలియకముందే నోటికొచ్చేస్తుంది.

మా పాప అదే పుస్తకం రోజూ చదవమంటోంది. కొత్తది మొదలుపెట్టనా?

అదే చదవండి. ఏం జరగబోతోందో తెలిసి ఎదురుచూడటమే ఆ వయసులో సరదా. నాలుగోసారికి ఒక మాట కావాలని తప్పు చదవండి, "కాదు!" అని దిద్దుతుంది, అదో కొత్త ఆట.

క్లాసులో నలభై మంది ఉన్నారు, బొమ్మలు అందరికీ కనపడట్లేదు. ఎలా?

పుస్తకాన్ని ఒడిలో కాకుండా చెవి పక్కన, పేజీలు పిల్లల వైపు ఉండేలా ఎత్తి పట్టుకోండి. కథ ముందే నోటికొచ్చి ఉండాలి. వెలుతురు పిల్లల వెనక నుంచి పుస్తకం మీద పడాలి, మీ వెనక కిటికీ ఉంటే బొమ్మ నల్లగా కనిపిస్తుంది. పిల్లల్ని కుర్చీల్లోంచి దింపి అర్ధచంద్రాకారంలో దగ్గరగా కూర్చోబెట్టండి. ప్రతి జంట పేజీనీ ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పి చూపించి, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి అప్పుడు చదవండి. బొమ్మలోని గుట్టు ఎవరైనా ముందే కనిపెట్టి అరిస్తే ఆపొద్దు. నలభై మందికి ఒకే కాపీ అయితే చదవడం అయ్యాక దాన్ని ఒక మూల బల్ల మీద ఉంచండి, విరామంలో ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చి మళ్ళీ చూసుకుంటారు.